పడ్డకు సూది కంటే ముందు టేపు

ఎనుము పడ్డకు, అంటే ఇంకా ఈనని ఆడ గేదెకు, మూడున్నరేళ్లు దాటినా ఎదకు రాలేదని మా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పశువైద్యశాలకు వచ్చే రైతు దాదాపు ఎప్పుడూ ఒకటే అడుగుతాడు: "ఎదకు తెచ్చే సూది ఉందంట గదా సార్?" ఉంది. ఒకటి కాదు, నాలుగైదు రకాలున్నాయి. అర్ధశతాబ్దంగా వాటి మీద పరిశోధన సాగుతోంది. తగిన పడ్డకు, తగిన కాలంలో, తగిన వరుసలో వాడితే అవి నిజంగానే ఫలితమిస్తాయి. పల్లెల్లో పశువైద్యం చేస్తూ వాటిని స్వయంగా వాడుతున్నవాణ్ని కనుక హార్మోన్ల పేరెత్తగానే ముఖం చిట్లించేవారి పక్షాన నేను లేను. నా ఫిర్యాదు వేరే. మన దగ్గర ఈ సూదులు ఎక్కువగా పడుతున్నది వాటివల్ల మేలు పొందే స్థితిలో లేని పడ్డలకు. వాటివల్ల నిండుగా మేలు పొందగలిగే పడ్డలేమో, చికిత్స అవసరమన్న సంగతే ఎవరికీ తోచక, కొట్టంలో కట్టుకొయ్య దగ్గర కాలం గడుపుతున్నాయి. ఈ తారుమారును సరిచేయకుండా శిబిరాలు ఎన్ని పెట్టినా, సూదులు ఎంత ఉచితంగా పంచినా పెద్దగా ఒరిగేది లేదని నా వాదన.

ముందుగా లెక్క చూద్దాం. ముర్రా జాతి పోలిక ఉన్న ఎనుము దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలు తూగుతుంది. చూడి కట్టించడానికి దాని బరువు కనీసం 275 కిలోలకు చేరాలి. 300 అయితే ఇంకా మంచిది. అంటే పుట్టిన నాటి నుంచి అది పెరగవలసింది 245 కిలోలు. రోజుకు 400 గ్రాముల చొప్పున పెరిగే దూడ ఇరవై నెలలకు ఆ బరువుకు వస్తుంది. 200 గ్రాముల చొప్పున పెరిగేదానికి నలభై నెలలు పడుతుంది. దీనికి సుమారు 310 రోజుల చూడి కాలం కలిపితే, అంతా సవ్యంగా సాగిందనుకున్నా, మొదటిది రెండున్నరేళ్లకు ఈనుతుంది, రెండోది నాలుగేళ్లు దాటాక ఈనుతుంది. మధ్యలో పోయిన ఇరవై నెలలను ఏ హార్మోనూ తిరిగి తేలేదు. హార్మోను అండాశయానికి సంకేతం పంపుతుంది. ఒంటికి కండ పట్టించదు.

పాలిచ్చే ఎనుము ఒక పూట పాలు తగ్గిస్తే ఆ సాయంత్రమే పాల కేంద్రంలో చీటీ మీద తెలిసిపోతుంది. పడ్డ వల్ల కలిగే నష్టం అలా ఏ చీటీ మీదా కనిపించదు. 250 కిలోల పడ్డ రోజుకు, తేమ తీసేసి లెక్కిస్తే, ఆరు కిలోలకు పైగానే మేత తింటుంది. ఒక ఎద తప్పిపోతే, అంటే 21 రోజులు గడిచిపోతే, దాదాపు 130 కిలోల మేత పాల చుక్క లేకుండా ఖర్చయినట్టే. ఇలాంటి ఎదలు వరుసగా ఎనిమిదో పదో తప్పిపోయిన పడ్డలు మన పల్లెల్లో అరుదేమీ కాదు. అయినా ఇంట్లో ఎవరికీ ఇది నష్టంగా తోచదు, ఎందుకంటే అది తినేది సొంత చేలో వేరుశనగ కట్టె, సొంత మడిలో వరిగడ్డి, గట్ల మీద కోసుకొచ్చిన పచ్చిగడ్డి.

చిత్తూరు పాడికి పేరు తెచ్చింది జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర జాతి ఆవులు. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి కిందికి పుత్తూరు, నగరి దాకా ఎక్కడ చూసినా ఆవులదే పైచేయి. ఇందులో తప్పేమీ లేదు. కానీ దీనివల్ల మన రైతుకూ, మా సిబ్బందికీ కూడా చేయీ కన్నూ ఆవుకు అలవాటు పడిపోయాయి. ఎదకు వచ్చిన ఆవు పక్క ఆవు మీదికి ఎక్కుతుంది, గాజు తీగలాంటి జిగురు నేల దాకా వేలాడేస్తుంది, ఊరంతా వినబడేలా అరుస్తుంది. ఎనుము ఇవన్నీ చేయదు. తోటి ఎనుముల మీద ఎక్కడం దానిలో బాగా తక్కువ. తీగలు వేసినా కొద్దిగా వేస్తుంది, అవీ తరచు పడుకున్నప్పుడే కిందికి జారి పేడలో కలిసిపోతాయి. చాలా వాటిలో ఎద లక్షణాలు రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, పొద్దెక్కేసరికి చల్లబడతాయి. పడ్డల్లో ఇది మరీ తక్కువ స్థాయిలో ఉంటుంది. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, తోకను ఒక పక్కకు పట్టుకోవడం, యోని పెదవులు కొంచెం ఉబ్బి మడతలు సాగడం, మేత మీద ధ్యాస తగ్గడం, ఇంతకు మించి ఏదీ కనిపించకపోవచ్చు. దీన్నే మూగ ఎద అంటాం. పాత రోజుల్లో మందలో దున్నపోతు ఉండేది, వాసన పట్టి అదే చెప్పేది. ఇప్పుడు ఊరికి ఒక దున్నపోతు కూడా లేని చోట్ల, రెండు ఎనుములూ ఒక పడ్డా ఉన్న కొట్టంలో, ఆ పని చేయవలసింది పాలు పితికే మనిషి కన్ను మాత్రమే.

కాబట్టి "ఎదకు రాని పడ్డ" అని రైతు అన్న ప్రతి పడ్డా ఒకే రకం కాదు. ఒకటి, నెలనెలా ఎదకు వస్తూనే ఉన్నా మనం పసిగట్టలేనిది. రెండు, బరువూ వయసూ ఉండి కూడా అండాశయం మందగించినది. మూడు, ఒంట్లో శక్తి లేక అండాశయం అసలు మేలుకోనే మేలుకోనిది. నాలుగోది పుట్టుకతోనే గర్భకోశం ఎదగనిది, ఇది తక్కువ. పై నుంచి చూస్తే నాలుగూ ఒకేలా నెమరు వేస్తుంటాయి. లోపల చెయ్యి పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అదీ ఒకసారి చూస్తే చాలదు. పది పదకొండు రోజుల ఎడంతో రెండుసార్లు చూడాలి. ఎద చక్రం, అంటే 21 రోజులకోసారి ఎద వచ్చే క్రమం, నడుస్తున్న పడ్డలో ఆ రెండింటిలో కనీసం ఒకసారైనా అండాశయం మీద పచ్చకాయం (అండం విడుదలైన చోట ఏర్పడే చిన్న ముద్ద) చేతికి తగులుతుంది. నడవని పడ్డలో రెండుసార్లూ రెండు అండాశయాలూ నున్నగా, చిన్నవిగా ఉంటాయి. తిరుపతి పశువైద్య కళాశాలలో అయితే స్కానింగు చేసి మరింత కచ్చితంగా చెప్పగలరు గానీ, సత్యవేడు మండలం నుంచో కార్వేటినగరం నుంచో పడ్డను ఆటోలో ఎక్కించి అంత దూరం తీసుకుపోవడం అందరికీ అయ్యే పని కాదు. పల్లెల్లో వైద్యుడి చెయ్యే స్కానరు.

ఇప్పుడు సూదుల సంగతికి వస్తాను. ఊళ్లలో "ఎద సూది" అని అందరూ అనేది ఎక్కువగా ప్రోస్టాగ్లాండిన్. ఇది చేసే పని ఒక్కటే: అండాశయం మీద ఉన్న పచ్చకాయాన్ని కరిగించడం. పచ్చకాయం స్రవించే, ఎదను ఆపి ఉంచే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఆగిపోగానే పడ్డ రెండు మూడు నుంచి నాలుగైదు రోజుల్లో ఎదకు వస్తుంది. పచ్చకాయం లేకపోతే కరిగించడానికి ఏమీ లేదు కనుక సూది వృథా. ఎద వచ్చిన తొలి నాలుగైదు రోజుల్లో ఉండే లేత పచ్చకాయం కూడా దీనికి లొంగదు. అంటే చక్రం నడవని పడ్డకు, పైన చెప్పిన మూడో రకానికి, ఈ సూది ఎన్నిసార్లు వేసినా ఒక్కటే. సరిగ్గా ఆ పడ్డకే మన దగ్గర ఇది ఎక్కువగా పడుతోంది. వారం ఎడంతో మళ్లీ మళ్లీ పడుతోంది. తర్వాత "సూదులు పని చేయవు" అన్న తీర్పు వెలువడుతోంది. పని చేసే చోట దాన్ని వేయకపోవడం సూది తప్పు కాదు గదా.

రెండోది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను. ఇది పీయూష గ్రంథిని కదిలించి, అండాశయంలో పెద్దదైన అండపుటిక (అండం ఎదిగే చిన్న సంచి) ఉంటే దాన్ని పగిలేలా చేస్తుంది. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పర్స్లీ, మైలో విల్ట్‌బ్యాంక్ బృందం ఈ రెంటినీ ఒక వరుసలో పెట్టి ఓవ్‌సింక్ అనే పద్ధతిని ప్రకటించింది: మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్, ఏడు రోజుల తర్వాత ప్రోస్టాగ్లాండిన్, మరో రెండు రోజులకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్, ఆ తర్వాత 16 నుంచి 20 గంటల్లో కృత్రిమ గర్భధారణ. ఇందులోని అసలు గొప్పతనం ఎదను కనిపెట్టనవసరం లేకపోవడం. ఎద కనబడినా కనబడకపోయినా గడియారం చూసి వీర్యం వేయవచ్చు. మూగ ఎద ఉన్న ఎనుముకు ఇంతకంటే కావలసిందేముంది అనిపిస్తుంది, పాలిచ్చే ఎనుముల్లో చక్రం నడుస్తున్నప్పుడు అది చాలావరకు నిజం కూడా. పడ్డల దగ్గరకొచ్చేసరికి చిక్కు వస్తుంది. మొదటి జీఎన్‌ఆర్‌హెచ్ పడేసరికి పడ్డలో పగలడానికి సిద్ధంగా ఉన్న అండపుటిక లేకపోతే ఆ తర్వాతి వరుస అంతా గాడి తప్పుతుంది. చక్రం ఇంకా మొదలుకాని పడ్డలో ఆ అవకాశం మరీ తక్కువ.

ఈ లోటును పూడ్చేది మూడోది, యోనిలో ఉంచే ప్రొజెస్టెరాన్ పరికరం. న్యూజీలాండ్‌లో రూపొందిన సీడర్ అనే పరికరంలో 1.38 గ్రాముల ప్రొజెస్టెరాన్ ఉంటుంది; మన దేశంలో తయారై దీనికంటే తక్కువ మోతాదున్న పరికరాలూ దొరుకుతున్నాయి. సిలికాను తొడిగిన చిన్న రెక్కల పరికరం అది, వెనక ఒక సన్నని తోక తాడు ఉంటుంది. లోపలున్న ఏడెనిమిది రోజులూ అది అండాశయానికి "ఇప్పుడు చక్రం నడుస్తోంది" అన్న భ్రమ కల్పిస్తుంది. తీసేసిన రోజున ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోవడంతో మెదడు అండపుటికను పెంచే హార్మోన్లను వదులుతుంది. తీసేటప్పుడే ప్రోస్టాగ్లాండిన్‌తో పాటు పీఎంఎస్‌జీ అనే హార్మోను కూడా ఇస్తే ఆ పుటిక ఎదుగుదలకు ఊతం దొరుకుతుంది. బ్రెజిల్‌లో ఎనుముల మీద జరిగిన పనిలో తేలింది ఇదే: ఎద కాలం కాని నెలల్లో ఒట్టి ఓవ్‌సింక్ ఫలితం బాగా పడిపోతే, ప్రొజెస్టెరాన్ పరికరం, పీఎంఎస్‌జీ కలిపిన పద్ధతి ఫలితాన్ని మళ్లీ నిలబెట్టగలిగింది. పీఎంఎస్‌జీ చూడి గుర్రాల రక్తం నుంచి తీసేది. దాని సేకరణలో గుర్రాలు పడే యాతన గురించి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన విమర్శలను నేను తేలిగ్గా తీసుకోను. అది లేకుండా గడిచే పడ్డకు దాన్ని వాడకపోవడానికి అదీ ఒక కారణం.

పైన చెప్పిన రెండో రకం పడ్డకు, అంటే ఒళ్లు ఉండీ అండాశయం మందగించినదానికి, ఈ పరికరం నిజమైన వైద్యం. మొదటి రకానికి, మూగ ఎదతో తప్పించుకుంటున్నదానికి, ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే చాలవచ్చు, లేదా ఓవ్‌సింక్. మూడో రకానికి ఇవేవీ కావు. ఈ విభజన జరగకుండా సూది బయటికి తీయకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

పాకాల దగ్గరి ఒక పల్లెలో మొన్న చూసిన పడ్డ గురించి చెబుతాను. చింతచెట్టు కింద రేకుల కొట్టం, గోడవారగా కట్టేసి ఉంది. కొమ్ము మెలి ముర్రాదే. మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తోందని ఇంటావిడ చెప్పింది. "దీన్ని ముందే ఇద్దరు చూసినారు సార్, సూదులు ఏసినారు, పలికిందే లేదు. మా తోటికోడలి ఆవుకు ఒక్క సూదికే వచ్చేసింది గదా, దీనికేం రోగం?" నేను సంచిలోంచి టేపు తీశాను. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ పట్టి చూస్తే 57 అంగుళాలు. భుజం ముందెముక నుంచి తోక పక్కనున్న ఎముక దాకా పొడవు 44 అంగుళాలు. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. ఇది ఉజ్జాయింపే అయినా మన పనికి సరిపోతుంది. ఆమె కొడుకు ఫోనులో లెక్క కట్టి, "216 సార్" అన్నాడు. తోక మొదట్లో వేలు పెడితే ఎముక గరుకుగా తగులుతోంది, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, వెంట్రుకలు నలుపు విరిగి ఎరుపు తిరిగి ఉన్నాయి. లోపల చూస్తే గర్భకోశం సన్నగా, మెత్తగా ఉంది. అండాశయాలు రెండూ శనగగింజంత ఉండి నున్నగా వేళ్ల మధ్య జారిపోతున్నాయి. ఆ ముందు పడిన సూదులకు కరిగించడానికి అక్కడ పచ్చకాయమూ లేదు, పగలగొట్టడానికి పుటికా లేదు.

"ఇప్పుడు సూది వద్దమ్మా, దీనికి అరవై కిలోలు పెరగాల" అన్నాను. "అయితే వైద్యం లేదంటారా?" అని ఆమె నొచ్చుకుంది. చిక్కంతా ఇక్కడే. నట్టల మందు తాగించి, రోజుకు కిలోన్నర దాణా, 40 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కో-4 లాంటి పచ్చగడ్డి ఒక మోపు పెట్టి నాలుగైదు నెలలకు మళ్లీ చూద్దామంటే అది వైద్యంగా ఎవరికీ కనిపించదు. సిరంజిలోంచి శరీరంలోకి పోయేదే వైద్యం అన్న నమ్మకం మనుషుల ఆసుపత్రుల నుంచి కొట్టాల దాకా పాకింది, దాన్ని పెంచి పోషించిన పాపంలో మా వృత్తికీ వాటా ఉంది. రైతు నడిచి వచ్చినందుకైనా ఏదో ఒక సూది వేసి పంపితే ఆ పూటకు అందరూ సంతోషంగా ఉంటారు.

ఈ 216 కిలోల పడ్డకు అసలు వైద్యం మూడేళ్ల కిందట దొరకాల్సింది. ఎనుము దూడ పుట్టిన తొలి గంటల్లో దాని బరువులో పదో వంతు జున్నుపాలు తాగాలి. చాలా ఇళ్లలో మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలరు. మాయ పడటానికి ఆరేడు గంటలు పట్టిందంటే దూడకు ఆ రక్షణ సగం పోయినట్టే. తర్వాత వచ్చేది నట్టలు. ఏలికపాముల జాతికి చెందిన టాక్సోకారా తల్లి పాలలోంచే దూడలోకి వస్తుంది. రెండు మూడు వారాల వయసులోనే పైపరాజిన్ లాంటి మందు తాగించకపోతే దూడ చనిపోతుంది, లేదా పొట్ట ముందుకు పొంగి, వెన్ను కుంగి, ఆ దెబ్బ నుంచి ఏళ్ల తరబడి తేరుకోదు. ఆ పైన పాల సంగతి. ఎనుము పాలకు వెన్న శాతం మీద ధర వస్తుంది కనుక దూడకు వదిలే చనుకట్టు చివరి చుక్కలకే పరిమితమవుతుంది. పాలు మానేసిన తర్వాత రెండేళ్లూ దానికి పెద్ద ఎనుము తినగా మిగిలినదే మేత. వరిగడ్డిలో భాస్వరం తక్కువ; చెరకు ఆకు ఎక్కువగా పడే ఇళ్లలో అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని కూడా పట్టుకుపోతాయి. భాస్వరం, రాగి, జింకు కొరవడిన పడ్డలో ఎద ఆలస్యం కావడం పుస్తకాల్లో చదివే సంగతి మాత్రమే కాదు, ప్రతి వేసవిలో కళ్ల ముందు కనబడేదే.

వేసవి అన్నాను కనుక కాలం మాట. ఎనుము పగటి పొడవు తగ్గే నెలల్లో ఎక్కువగా ఎదకు వస్తుందని, వేసవిలో అణగిపోతుందని అందరికీ తెలిసిందే. దీనికి వెలుతురు ప్రధాన కారణమని ఉత్తరాది పరిశోధనలు చెబుతాయి, హర్యానాలోని హిస్సారు లాంటి చోట అది సబబే. అక్కడ వేసవి పగలుకూ చలికాలపు పగలుకూ మూడున్నర గంటలకు పైగా తేడా ఉంటుంది. తిరుపతిలో ఆ తేడా గంటన్నర మాత్రమే. కాబట్టి మన దగ్గర ఎనుమును అణచేది వెలుతురు కంటే ఎండ వేడిమీ, మేత కరువూ అని నేను అనుకుంటాను. ఇది నిరాశ పడవలసిన విషయం కాదు, సంతోషించవలసిన విషయం. సూర్యుడి నడకను మార్చలేం గానీ, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లడం, గానుగ చెట్టు నీడన కట్టడం, చెరువులో కాసేపు పొర్లనివ్వడం మన చేతిలోనివే. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలూ పడతాయి. వేరుశనగ పీకిన కట్టె చేతికొచ్చి, గట్లు పచ్చబడి, చలి మొదలయ్యే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పడ్డలకు హార్మోన్ చికిత్స చేయడానికి అనువైన కాలం. మే నెలలో పరికరం పెట్టడం కంటే ఆ డబ్బుకు దాణా కొనడం మేలు.

రెండో పక్షం వారితో కూడా నాకు పేచీ ఉంది. హార్మోను అనగానే "పాలలోకి విషం వస్తుంది" అనేవారు రెండు వేరు వేరు విషయాలను కలిపేస్తున్నారు. వారి మనసులో ఉన్నది చేపు కోసం పాలు పితికే ముందు వేసే ఆక్సిటోసిన్. అది దుర్వినియోగమే, పశువును హింసించడమే. ఆ దుర్వినియోగాన్ని ఆపాలని 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు దేశంలో అమ్మకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకుండా ఉత్తర్వు ఇస్తే, ప్రసవంలో రక్తస్రావమయ్యే తల్లుల ప్రాణాలు కాపాడే మందు అదేనన్న కారణం చూపి అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. పడ్డకు ఎద కోసం ఇచ్చే సూదులు వేరు. అవి ఎక్కువగా ఒంట్లో సహజంగా ఉండే హార్మోన్లే, లేదా వాటికి దగ్గరి రూపాలు, చాలావరకు త్వరగా విరిగిపోతాయి. అన్నిటికీ మించి, పడ్డకు అప్పటికి పాలే లేవు. సూది పడిన నాటి నుంచి తొలి పాలు పితికే నాటికి కనీసం పది నెలలు గడుస్తాయి.

నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. చూడితో ఉన్న పడ్డకు ప్రోస్టాగ్లాండిన్ పడితే గర్భం పోతుంది. మందలో తిరిగే పడ్డ ఎప్పుడు ఏ దున్నపోతుకు దొరికిందో యజమానికి తెలియనప్పుడు, లోపల చూడకుండా సూది వేయడం చేతికొచ్చిన దూడను పారేసుకోవడమే. అంతకంటే ముఖ్యం, ఆ మందు మనిషి చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దాన్ని తాకకూడదని సీసా మీదే రాసి ఉంటుంది. మన కొట్టాల్లో సూది వేసేటప్పుడు పడ్డ మూతి పట్టుకునేది ఎవరు? ఎక్కువగా ఆ ఇంటి కోడలు. ఆమెను పక్కకు జరగమని చెప్పే వైద్య సహాయకుణ్ని నేను మెచ్చుకుంటాను. పరికరం బయటికి వేలాడే తాడును పొడుగ్గా వదిలేస్తే పక్క దూడ నోట పట్టి లాగేస్తుంది. మూడో రోజుకే అది పేడకుప్పలో తేలుతుంది. తాడును కొంచెమే బయట ఉంచి కత్తిరించాలి. వాడేసిన దానిలో ఇంకా హార్మోను మిగిలే ఉంటుంది కనుక చేతి తొడుగు లేకుండా తీయకూడదు, చెరువులోకో చెత్తలోకో విసరకూడదు.

ఎదకు తేవడానికి నల్లేరు, మునగాకు, కరివేపాకు, ముల్లంగి వరుసగా తినిపించే పద్ధతి గురించి నన్ను అడిగేవారున్నారు. నాకు అభ్యంతరం లేదు. మునగాకు ఎలాగూ మంచి మేతే. ఆ పేరుతో మూడు చలికాలాలు మాత్రం గడపవద్దు.

ఇక శిబిరాల సంగతి. గర్భకోశ వ్యాధుల చికిత్సా శిబిరం అని ఏటా పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి, ఊచలు బిగించి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వచ్చిన పశువులన్నిటినీ చూసి పంపడం మనకు అలవాటు. దాని వెనకున్న శ్రమను నేను తక్కువ చేయను. ఎండలో వరుసగా చెయ్యి పెట్టి చూసిన వైద్యుడికి రాత్రి భుజం లేవదు. కానీ ఈ చికిత్స ఒక్క పూటలో అయ్యేది కాదు. పరికరం పెట్టిన తర్వాత ఏడో రోజున తీయాలి, తొమ్మిదో రోజున జీఎన్‌ఆర్‌హెచ్ సూది, పదో రోజున వీర్యం. ఒక్క పూట శిబిరంలో ఇందులో మొదటి మెట్టు మాత్రమే పడుతుంది. మిగిలిన మూడూ రైతు జ్ఞాపకానికీ, సిబ్బంది తీరికకూ వదిలేస్తాం. చివరికి నివేదికలో ఎక్కేది ఎన్ని పశువులకు చికిత్స జరిగిందన్న సంఖ్య. ఎన్ని చూడి కట్టాయి, ఎన్ని ఈనాయి అన్న గడి ఆ కాగితంలో ఉండదు.

ఒకే శిబిరానికి అయ్యే ఖర్చును మూడు విడతలుగా చీల్చాలని నేను కోరేది. ఆగస్టులో మొదటి విడత: సూదులు అసలు తేవద్దు. టేపు, నట్టల మందు, ఖనిజ లవణం తెచ్చి, ఊళ్లో రెండేళ్లు దాటిన పడ్డలన్నిటి చుట్టుకొలత, పొడవు రాసుకుని, 275 కిలోలకు తక్కువ ఉన్నవాటి యజమానులకు ఎంత పెరగాలో కాగితం మీద రాసి ఇవ్వాలి. నవంబరులో రెండో విడత: అప్పటికి బరువు అందుకున్నవాటిని మాత్రమే పది రోజుల ఎడంతో రెండుసార్లు లోపల చూసి, ఏ రకమో తేల్చి, దాని ప్రకారం ప్రోస్టాగ్లాండిన్, ఓవ్‌సింక్, పరికరం, వీటిలో ఏది అవసరమో అది మొదలుపెట్టాలి. ఎక్కువగా ఆడ దూడలే పుట్టే వీర్యాన్ని కూడా ఇలా తేల్చుకున్న పడ్డలకు వేస్తేనే దాని ఖరీదుకు న్యాయం జరుగుతుంది. వీర్యం వేసిన రెండు నెలలకు మూడో విడత: చూడి పరీక్ష. నిలవనిదానికి మరొక్కసారి పూర్తి వరుస. అప్పటికీ నిలవకపోతే, గర్భకోశం ఎదగనిదని చెయ్యి కూడా చెబుతుంటే, ఆ మాట యజమానికి సూటిగా చెప్పేయాలి. మూడోసారి సూదికి ఆశ పెట్టడం మోసం.

ఆచరణలో అడ్డొచ్చేది ఎక్కువగా చిన్న విషయమే. శుక్రవారం పరికరం పెడితే తొమ్మిదో రోజు సూది ఆదివారం పడుతుంది, ఆ రోజు ఎవరూ రారు, ఒక్క రోజు ఆలస్యంతో వరుసంతా పాడవుతుంది. సోమవారం పెడితే తీసేది మరుసటి సోమవారం, సూది బుధవారం సాయంత్రం, వీర్యం గురువారం ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి లోపల. బుధవారం సాయంత్రం ఆరింటికి సూది పడాలంటే ఆ మనిషి ఆఫీసు వేళ దాటాక ఊళ్లోకి రావాలి; ఆ రెండు గంటలకు పెట్రోలు ఖర్చు, అదనపు భత్యం ఎవరిస్తారన్నది ముందే తేల్చి ఉత్తర్వులో రాయాలి.